తాలీం గుండు

రాతి గుండును గడి వెనక దొడ్డిలోంచి ముందు వాకిట్లోకి మోసుకురమ్మంటే ఊరి కూలీల్లో ఒక్కరూ కదల్లేదు. ఒకాయనకు అప్పటికప్పుడు నడుం పట్టేసింది. ఇంకొకాయనకు బీడీ గుర్తొచ్చింది. మూడో ఆయన ఫోను చెవికి ఆనించుకుని, అవతల ఎవరూ లేకపోయినా "ఆఁ, వస్తున్న, వస్తున్న" అంటూ బురుజు చాటుకు జారుకున్నాడు. చివరికి రంగులు వేయడానికి వచ్చిన బీహారు కుర్రాళ్లు తాళ్లు కట్టి, వెదురు బొంగు దూర్చి, నలుగురూ తూలుతూ తెచ్చి కొత్తగా కట్టిన దిమ్మె మీద దించారు. మనవాళ్లకు ఒళ్లు వంగదు అనుకుని గైడు ఆశ నవ్వుకుంది. ఆ నవ్వు సాయంత్రం దాకానే నిలిచింది.

నల్లటి రాయి, రెండు పెద్ద గుమ్మడికాయలంత. అన్ని వైపులా గుండ్రంగా ఉన్నా ఒక వైపు మాత్రం చెక్కినట్టు సాపుగా ఉంటుంది. పక్కన నిలబెట్టిన బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు: 'దొరగారి తాలీం గుండు. ఎత్తగలరా?' ఎత్తినవాళ్లకు పాగా చుట్టి ఫోటో తీస్తారు. ఆదివారం గడి ప్రారంభోత్సవం: పాత దొరల బంగళాను బాగుచేయించి మళ్లీ తెరుస్తున్నారు. హైదరాబాదు నుంచి, నిజామాబాదు నుంచి పెద్దలు వస్తున్నారు. ఊరందరికీ భోజనాలు. ఆ తర్వాత అది పెళ్లిళ్లకు కిరాయికిచ్చే మహలు.

ఆట ఆలోచన గడి ఇప్పటి యజమాని మల్లికార్జున్ రావుది. దానికి విత్తనం వేసింది మాత్రం ఆశే.

బోధన్ దాటాక, ఒకప్పుడు చెరుకు, ఇప్పుడు వరి పండే మళ్ల మధ్య ఉన్న ఊరు అది. గడి కట్టించింది మల్లికార్జున్ రావు ముత్తాత. ఆయన బొంబాయిలో ఎవరింట్లోనో ఇటలీ దేశపు పల్లె బంగళాల బొమ్మలు చూసి మనసు పారేసుకున్నాడట. నాలుగైదు వందల ఏళ్ల కిందట అక్కడి ప్రభువులు పట్నం రొద వదిలి పొలాల నడుమ కట్టుకున్న ఇళ్లు అవి: మధ్యలో వెడల్పాటి మెట్లు, గుడి ముందు ఉండేలాంటి ఎత్తు స్తంభాలు, రెండు పక్కలా ఒకదానికొకటి సరిగ్గా తూగే కమాన్లు. దొర ఆ బొమ్మలు తెచ్చి మన మేస్త్రీల ముందు పరిచాడు. వాళ్లు ముందు భాగం బొమ్మలో ఉన్నట్టే దించేసి, వెనక భాగం తమకు వచ్చినట్టు కట్టారు: బురుజులు, ధాన్యం పోసే గరిసెలు, ఇరుకు దొడ్డి దర్వాజా. ముందు నుంచి చూస్తే పెళ్లికొడుకు, వెనక నుంచి చూస్తే పోలీసు ఠాణా.

ఆశకు ఆ ఇల్లంటే ప్రాణం. డిచ్‌పల్లి యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే చదివింది, గైడుగా చేరి రెండు నెలలైంది. సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి గానుగలో తిప్పి ఎలా గచ్చు చేశారో, మొదటి అంతస్తు కిటికీలకు రంగుటద్దాలు ఎందుకు పెట్టారో అరచేతిని చూపించినంత సులువుగా చెబుతుంది. ఉద్యోగానికి మాట్లాడిన రోజున మల్లికార్జున్ రావు దొడ్డిలోని రాయి చూపించి "ఇదేమిటి?" అని అడిగితే, ఒక్క క్షణం తడుముకోలేదు. "తాలీం గుండు సార్. పహిల్వాన్లు కసరత్తుకు ఎత్తేటోళ్లు. మా బాపు కూడా ఎత్తిండు."

చిన్నప్పుడు పాడుబడ్డ గడిలోకి సీతాఫలాల కోసం దూరినప్పుడు ఆమెకు ఆ మాట చెప్పింది బాపే, ఆమె తండ్రే. బాపు గుండెత్తిండని ఆమె బడి అంతా చాటింపు వేసింది. నమ్మని పిల్లలతో జుట్లు పట్టుకుంది కూడా.

ఆ సాయంత్రం అదే సంబరంతో ఇంటికి వచ్చింది. తండ్రి దాసు గద్దె మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, ఊరి మెథడిస్టు చర్చిలో ఊడ్చి, చాపలు పరిచి, గంట కొట్టే పని ఆయనది. తల్లి శారమ్మ పొయ్యి దగ్గర ఉంది.

"బాపూ, నీ గుండుకు దశ తిరిగింది! ముందటి వాకిట్ల దిమ్మె కట్టి పెట్టిండ్రు. ఐతారం నాడు అందరు ఎత్తుతరట. చుట్టాలంత ఫోటోలు దిగుతరట. నువ్వు ఎత్తినవని నేను సార్‌కు ఎప్పుడో చెప్పిన."

దాసు చేతిలోని రొట్టె ముక్క కంచంలో పడింది. ఆయన దాని వంక కాసేపు చూసి, చెంబు వంచి కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. సగం రొట్టె అలాగే ఉంది. తువ్వాల భుజాన వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి వెళ్లిపోయాడు.

"ఏమైందే అవ్వా? నేనేమన్న?"

శారమ్మ తలుపు దగ్గరికి వేసింది. కూతురి చెయ్యి పట్టి తన తల మీద పెట్టుకుంది.

"ఒట్టు పెట్టు ముందుగాల. మీ బాపు పేరు బయట ఎత్తనని."

"ఎందుకు?"

"పెట్టుమని సెప్తున్న కదా!"

ఆశ ఒట్టు పెట్టింది. ఏం వినబోతోందో తెలిస్తే పెట్టేది కాదు.

"గది తాలీం గుండు గాదు, బిడ్డా. తప్పు సేసినోన్ని గడి దొడ్ల వంగబెట్టి ఈపు మీద పెట్టేటోళ్లు. దొర్లి పడకుంట ఒక దిక్కు సాపు సేపిచ్చిండ్రు. కిస్మస్ నాడు సెరుకు బండ్లు ఫ్యాక్టరీకి కట్టాలెనని మీ బాపుకు కబురొచ్చింది. మీ బాపు మన చర్చి గుడికి పోయిండు. పద్దెనిమిదేండ్ల పోరడు. ప్రార్థన కాంగనే కొత్తంగి మీదనే పట్టుకపోయిండ్రు. పొద్దు గూకెదాక మోసిండు."

"నీకు బాపు చెప్పిండా?"

"ఆయనెందుకు సెప్తడు? మా అత్త సావబోయే ముందు సెప్పింది. నాకు ఎర్కేనని ఆయనకు ఇప్పటిదాక ఎర్క లేదు."

ఆశ ఆ సాపు వైపును తలచుకుంది. చిన్నప్పుడు దాని మీదే కూర్చుని సీతాఫలాలు తినేది. తను మోసుకెళ్లి చెప్పిన అబద్ధం మీద ఇప్పుడు బోర్డు లేచింది, అంతకంటే ఆమెకు మింగుడు పడనిది ఏదీ లేదు.

మర్నాడు పొద్దున్నే మల్లికార్జున్ రావును వెతికి పట్టుకుంది. ఆయన నిచ్చెన కింద నిలబడి, కమాన్లకు లైట్లు కట్టే వాళ్లచేత కుడి ఎడమలు సరిచేయిస్తున్నాడు. నలభై ఏళ్లవాడు, హైదరాబాదులో పుట్టి పెరిగాడు. మంచివాడే. కూలీలను కూడా అన్నా అనే పిలుస్తాడు. మంచివాడు కావడమే ఆశకు ఆ పొద్దు కష్టమైంది.

"సార్, ఆ గుండు తాలీం గుండు కాదు. నేను తప్పు చెప్పిన."

"మరేంది?"

చెప్పింది. చెబుతుంటే ఆయన మొహంలో రంగు మారడం ఆమె చూసింది. నిచ్చెన మీది మనిషిని దిగి టీ తాగి రమ్మని పంపాడు.

"ఆశా, మా తాతకు కోపం ఎక్కువని నేను కూడా విన్న. కాదనను. కానీ ఇట్లాంటివి ఎలక్షన్లప్పుడు మస్తు వింటం. మొన్నటిదాక తాలీం గుండు అన్నది మీరే. ఊర్ల పదిమందిని అడిగిపిచ్చిన, అందరు అదే అన్నరు. ఇప్పుడేమో ఇది."

"ఇదే నిజం సార్."

"సరే. ఎవరి మీద పెట్టిండ్రు? ఒక్క పేరు చెప్పండి. ఆ మనిషి ఇంటికి నేనే పోత, కాళ్లు పట్టుకుంట. గుండును మంజీర నదిల పడేపిస్త. పేరు లేకుంట మాత్రం చచ్చిపోయిన మా తాత మీద మాట పడనియ్య."

అడిగిందాంట్లో అన్యాయమేమీ లేదు. పేరు ఆమె నాలుక చివరనే ఉంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు. కిందికి చూసింది.

"చూసినరా?" అన్నాడు ఆయన, గెలిచినట్టు కాదు, బరువు దిగినట్టు. "పని చూసుకోండి. ఐతారానికి ఎక్కువ టైం లేదు."

తండ్రి పేరు కాకపోతే ఇంకొకరి పేరు. గుండు ఒక్క మనిషి కోసం చెక్కించి ఉండరు కదా. ఆ మధ్యాహ్నం ఆశ లింబయ్య పొలానికి వెళ్లింది. లింబయ్య దాసు ఈడువాడు, పసుపు, వరి పండించే రైతు. ఇద్దరూ ఎదురుపడితే రామ్ రామ్ అనుకోవడం తప్ప కూర్చుని మాట్లాడుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. లింబయ్య మనవడు ప్రేమ్ మోటరు దగ్గర పానాతో పైపు బిగిస్తున్నాడు. ఊళ్లో జిమ్ము లేకపోయినా బస్తాలు మోసి కండలు పెంచిన పిల్లగాడు. ఆదివారం పాగా తనదేనని అప్పటికే పందాలు కాసుకున్నాడు.

"లింబయ్య తాతా, గడిలున్న గుండు ఏంది?"

"తాలీం గుండు," అన్నాడు లింబయ్య, ఆమె వైపు చూడకుండా. "పహిల్వాన్లు ఎత్తుతుండె."

"ఏ పహిల్వాన్లు?"

"అరే ప్రేమూ, ఇంటికి పోయి పానా పట్టుకరా పో."

"పానా నా చేతిలనే ఉంది తాతా."

"ఇంకోటి పట్టుకరా!"

ప్రేమ్ గొణుక్కుంటూ బండెక్కి వెళ్లాక, ముసలాయన గట్టు మీద చతికిలబడ్డాడు. పారతో గట్టు మట్టిని ఊరికే చెక్కుతూ మాట్లాడాడు.

"మీ అవ్వ సెప్పిందా? సెప్పకుంటె మంచిగుండు. ఈ ఊర్ల ఒక కట్టున్నది బిడ్డా. గుండు మోసిన మనిషి పిల్లల ముందట ఎవ్వలు గా మాట ఎత్తద్దు. ఎవలు పెట్టిండ్రో ఎర్క లేదు గా కట్టు. కొట్లాడుకున్నా, భూమి కోసం తలలు పగలగొట్టుకున్నా, గా మాట మాత్రం నోట్ల నుంచి రాలే. పిల్లలు అడిగితె తాలీం గుండు అనాలె. గంతే."

"నువ్వు కూడా మోసినవా తాతా?"

పార ఆగింది. దూరంగా బండి చప్పుడు వినిపించగానే లింబయ్య లేచి, ధోవతి దులుపుకున్నాడు.

"వాడు నన్ను పులి అనుకుంటడు. గట్లనే అనుకోనియ్యి."

అప్పుడు అర్థమైంది ఆశకు, మల్లికార్జున్ రావు పదిమందిని అడిగించి తెచ్చిన చరిత్ర ఏమిటో. ఊరు ఊరంతా తన పిల్లల కోసం అల్లిన అబద్ధం అది. ఎంత ఒద్దికగా అల్లారంటే, చరిత్ర ఎమ్మే చదివిన తను కూడా దాన్ని తీసుకెళ్లి దొర మనవడి చేతిలో పెట్టింది.

శనివారం సాయంత్రం చర్చిలో దాసు చాపలు పరుస్తున్నాడు. ఆశ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి మూడు చాపలు పరిచారు.

"బాపూ, రేపు నన్ను అందరి ముందర గా గుండు గురించి చెప్పమంటరు. ఏం చెప్పాలె?"

దాసు చాప ముడతను కాలితో సరిచేశాడు. "మీ అవ్వ సెప్పింది నీకు."

ఆశ ఇంకో చాప అందుకుంది.

"ఆమెకు ఎవలు సెప్పిండ్రు? మా అవ్వనా?" ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ముప్పయ్యేండ్ల సంది ఒక్క కంచంల తింటున్నం. నాకు ఎర్కే లేదనుకుంటున్న."

"సార్ ఒక్క పేరు చెప్పమన్నడు బాపూ. చెప్తే గుండు తీసేస్తనన్నడు. రేపు ఊరికచ్చినోళ్లంత నీ మీద పెట్టిన రాయితోని ఆడుకుంటరు. నాకు పానం ఒప్పుతలేదు."

"నాకు ఒప్పుతదా?" దాసు గొంతు ఒక్కసారిగా లేచి, అంతలోనే పడిపోయింది. తలుపు వంక చూసి, చాప మీద కూర్చున్నాడు. "గారోజు దించినంక నిలబడబోతె నిలబడ రాలే. సేతుల మీద పాక్కుంట దర్వాజ దాటిన. సూసినోళ్లు సూసిండ్రు. నువ్వు సూడలే. నువ్వు ఒక్కదానివే ఈ ఊర్ల నన్ను గట్ల సూడలే. మా బాపు గుండెత్తిండని ఉరుక్కుంట వచ్చి నా మెడకు ఏలాడినవ్ గద, గదొక్కటి నాకు ఉండనియ్యి బిడ్డా. నా పేరు సెప్పకు."

ఆశకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన ముందు ఏడిస్తే అది కూడా ఆయనను వంగబెట్టడమే అవుతుందేమోనని భయపడి, మిగిలిన చాప తీసి పరిచింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఊరు ఊరంతా గడి దారి పట్టింది. అతిథులకు మెట్ల కింద తెల్ల గుడ్డలు తొడిగిన కుర్చీలు, ఊరివాళ్లకు షామియానా కింద భోజనాల బంతులు. ఆశ మైకు పట్టుకుని కమాన్లు చూపించింది, గచ్చు గురించి చెప్పింది, ఇటలీ బంగళాల సంగతి చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. అడుగులు దిమ్మె దగ్గర ఆగాయి.

"ఇక్కడ..." అంది. షామియానా అంచున, స్తంభం పక్కన తండ్రి కనబడ్డాడు. తల్లి ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. "ఇక్కడ ఉన్నదాని గురించి నేను చెప్పలేను."

చిన్న గుసగుస లేచింది. మల్లికార్జున్ రావు వచ్చి మైకు అందుకున్నాడు. ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. ఇప్పటికైనా పేరు వస్తుందేమోనని చూసినట్టుంది. రాలేదు.

"మా ఆశ అలసిపోయింది. ఇది తాలీం గుండు. రండి, ఎవరు ముందుకొస్తరు?"

పట్నం నుంచి వచ్చిన సూటు ఆసామి ఒకాయన కోటు చేతులు పైకి మడిచి వచ్చాడు, గుండు కదల్లేదు, ఆయన ప్యాంటు మాత్రం చిరిగింది. నవ్వులే నవ్వులు. ఇంకో ఇద్దరు ప్రయత్నించారు. అప్పుడు ప్రేమ్ అంగీ విప్పి తోటివాడి మీదికి విసిరి ముందుకొచ్చాడు. గుండును మోకాలి దాకా లేపాడు, తొడ మీద ఆనించాడు, రొమ్ము దాకా తెచ్చాడు. ఈలలు, కేకలు. ఫోటో తీసేవాడు ఇంకో రకంగా నిలబడమని సైగ చేశాడు. హుషారెక్కిన పిల్లగాడు గుండును దిమ్మె మీదికి దించి, దానికి వీపు తిప్పి, "అరే, ఈపు మీదికి తోయుండ్రిరా" అన్నాడు. దోస్తులు ఇద్దరు తోశారు.

సాపు వైపు వీపు మీద అతుక్కున్నట్టు కూర్చుంది. ప్రేమ్ నడుం వంగింది. రెండు చేతులూ మోకాళ్ల మీద పడ్డాయి. అలా వంగే, తల పైకెత్తి, కెమెరాకు పళ్లు చూపించాడు.

కుర్చీల్లో చప్పట్లు మోగాయి. షామియానా కింద మాత్రం చప్పుడు ఆగిపోయింది. విస్తళ్ల ముందున్న ముసలివాళ్ల చేతులు అన్నంలోనే ఉండిపోయాయి.

"దించుండ్రి!"

లింబయ్య గొంతు అది. ఆయన విస్తరి తొక్కుకుంటూ వచ్చేశాడు. "దించుండ్రిరా! దించుండ్రి!"

"ఆగు తాతా, ఫోటో," అని నవ్వబోయిన ప్రేమ్ మొహంలో నవ్వు మధ్యలోనే ఆగింది. బరువు తెలుస్తోంది. మోకాళ్లు వణుకుతున్నాయి. దోస్తులు గుండును పట్టబోతే అది మెడ వైపు జారింది. వాళ్లు భయపడి చేతులు వెనక్కి తీసుకున్నారు.

దాసు ఎప్పుడు శారమ్మ చెయ్యి విడిపించుకున్నాడో ఆశ చూడలేదు. కుర్చీల మధ్య నుంచి వచ్చి ప్రేమ్ ఎడమ పక్క నిలబడ్డాడు. కుడి పక్క లింబయ్య. ఇద్దరి చేతులూ ఏ మాటా లేకుండానే రాయి కిందికి వెళ్లాయి.

"ఊపిరి ఇడువకు బిడ్డా," అన్నాడు దాసు. "మోకాళ్లు గట్లనే ఉంచు. నేను ఊఁ అన్నప్పుడు ముందటికి జరుగు, లేవకు. జరుగు అంతే. ఊఁ!"

ప్రేమ్ ముందుకు జరిగాడు. రాయి ముసలివాళ్లిద్దరి చేతుల్లోకి వచ్చి, వాళ్ల తొడల మీదుగా జారి, నేల మీద మెల్లగా ఆనింది. పిల్లగాడు మోకాళ్ల మీద కూలబడి రొప్పాడు.

"నీకెట్ల ఎర్క దాసు తాతా, గిట్ల దించాలెనని?"

మనవడి తల మీద చెయ్యి పెట్టి, లింబయ్య అన్నాడు:

"ఆయన ఈపు మీది నుంచి నేను దించిన. నా ఈపు మీది నుంచి ఆయన దించిండు."

ప్రేమ్ తాత మొహంలోకి చూశాడు. లింబయ్య చూపు తప్పించలేదు. మల్లికార్జున్ రావు చేతిలో మైకు ఒకటి, పాగా ఒకటి. రెండింటినీ ఏం చేయాలో తెలియక దాసు వైపు, లింబయ్య వైపు చూశాడు.

"ఇయ్యాల్నే తీయిస్త," అన్నాడు. "పడేపిస్త."

"ఒద్దు సారు," అన్నాడు దాసు. "గది ఏందో ఉన్నదున్నట్టు సెప్పి, ఈడనే ఉంచుండ్రి."

ఆయన ఆశ వైపు తిరిగాడు. చెమట కారుతున్న మొహం తుడుచుకోలేదు.

"సెప్పు బిడ్డా. నాతోని షురూ సెయ్యి."

మల్లికార్జున్ రావు మైకు ఆమెకు ఇచ్చాడు. ఆశ తల్లి వైపు చూస్తే, శారమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తల ఊపింది.

"మా బాపు పేరు దాసు," అంది ఆశ. "మా బాపు ఈ గుండును ఎత్తలే. మోసిండు. క్రిస్మస్ నాడు గుడికి పోయినందుకు, పొద్దుందాక, వెనక దొడ్ల మోసిండు."

చెబుతున్నంతసేపూ తండ్రినే చూసింది. ఆయన కూడా ఆమెనే చూశాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు దర్వాజా దగ్గర చేతుల మీద పాకడం ఆమెకు కనబడింది. అయినా ఎదురుగా ఉన్న మనిషి అంగుళం కూడా తగ్గలేదు. ఆ సంగతి ఆయనకు ఎలా తెలియజేయాలో తోచక, మైకు దించి, చిన్నప్పటిలాగే అందరి ముందూ వెళ్లి మెడ కావలించుకుంది.

షామియానాలో మూడో బంతిలోంచి ముసలి గంగుబాయి లేచింది. ఎంగిలి చెయ్యి చీరకు తుడుచుకుని, పక్కన కూర్చున్న నడివయసు కొడుకు భుజం ఆసరాగా పట్టుకుంది.

"మా ఆయన గూడ మోసిండు," అంది. "రాజలింగు. గాయినె పేరు గూడ సెప్పు బిడ్డా."

నోట్లో ముద్ద పెట్టుకోబోతున్న కొడుకు చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తి తల్లి వంక చూశాడు.